కుందేలుని పస్తు పెట్టిన పశువుల డాక్టరు

పశువైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు చోడవరంలో మా ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో ఒక మంచి కేసు చెప్పండి" అని అడుగుతుంటారు. మంచి కేసులు చెప్పడానికి రిటైరైన ప్రతి డాక్టరూ సిద్ధంగానే ఉంటాడు. అడ్డం తిరిగిన దూడని బయటికి లాగడం, పాము కరిచిన ఎద్దుని లేపి నిలబెట్టడం, ఇలాంటివి నా దగ్గరా అరడజను ఉన్నాయి. పెళ్ళి భోజనాల దగ్గర చెప్పి చెప్పి అవి అరిగిపోయాయి. చెప్పిన ప్రతిసారీ ఆ దూడ కొంచెం పెద్దదవుతోందని మా ఆవిడ అంటుంది.

అంచేత ఇక్కడ మంచి కేసు రాయడం లేదు. రెండు కిలోలు తూగని ఒక కుందేలు కేసు రాస్తున్నాను. ముప్పై మూడేళ్ళు గేదెల వెనకాల తిరిగి నేర్చుకోనిది, రిటైరయ్యాక దాని దగ్గర నేర్చుకున్నాను. సిగ్గు పడుతూనే రాస్తున్నాను గనక, మీరు నవ్వుకుంటూ చదవండి, పర్వాలేదు.

నా గురువు నేర్పిన చెడ్డ పాఠం

ఉద్యోగంలో చేరిన కొత్తలో రావికమతం వైపు ఊళ్ళకి పంపారు. నా పైన ఒక పెద్ద డాక్టరు గారుండేవారు. చెయ్యి మంచిది, నోరు ఇంకా మంచిది. మొదటి రోజే నన్ను పక్కకి పిలిచి చెప్పారు: "ఒరే, రైతు ముందర 'తెలీదు' అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు. తెలీకపోతే ముందు సూది పొడు, తరవాత ఆలోచించు. డాక్టరుకి తెలీదంటే సూదికి విలువుండదు."

ఆయన మీద నాకు గౌరవం ఉంది. సూది ఎలా పట్టుకోవాలో, తన్నే గేదె దగ్గర ఎటు నిలబడాలో ఆయనే నేర్పారు. కానీ ఈ ఒక్క పాఠం మాత్రం శుద్ధ తప్పు. నేను దాన్నే అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకున్నాను.

ఎంత శ్రద్ధగానో చెప్తాను. ఒక రైతు గేదె మూడు రోజులుగా మేత ముట్టడం లేదని కబురొచ్చింది. వెళ్ళాను. జ్వరం లేదు. తోక ఎత్తి చూశాను, పొట్ట నొక్కాను, రెండు ఇంజెక్షన్లు చేశాను. మర్నాడు ఇంకో రెండు. మూడో నాడు ఆ రైతు తల్లి, పళ్ళు లేని ముసలామె, అరుగు మీంచి దిగకుండానే అంది:

"ఏటి బాబూ, మూడ్రోజుల్నించీ ఎనకనించే సూస్తన్నావు. తినీది నోటితో కదా. ఓపాలి నోరు సూడు."

నోరు తెరిపించి చూస్తే అంగిట్లో అడ్డంగా ఒక చెరకు ముక్క, అటు పళ్ళకీ ఇటు పళ్ళకీ మధ్య బిగుసుకుపోయి ఉంది. వేళ్ళతో లాగేశాను. గేదె ఒక నిట్టూర్పు విడిచి గడ్డి అందుకుంది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "నేనూ అదే అనుకున్నాను, ముందు వాపు తగ్గాలని ఆగాను" అన్నాను. ముసలామె నన్ను కిందినించి పైదాకా చూసి ఊరుకుంది. ఆ చూపు నాకప్పుడే అర్థమై ఉంటే ఈ కుందేలు కథ ఉండేది కాదు.

సమ్సోను

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఇంటి ముందు గదిలో చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. రోజుల్లో వచ్చిన మార్పు అప్పుడు తెలిసింది. గేదెలు తగ్గాయి. కుక్కలు, పిల్లులు, ఒకసారి తాబేలు కూడా వచ్చింది. నేను అన్నిటినీ గేదెలనే అనుకుని వైద్యం చేసేవాణ్ణి. చాలావరకు బతికేవి. ఘనత వాటిదే.

కరుణమ్మ మా వీధి చివర జాకెట్లు కుడుతుంది. యాభై ఏళ్ళుంటాయి. చర్చికి క్రమం తప్పదు, మాట తప్పదు, ఇచ్చిన తారీఖుకి జాకెట్టు ఇచ్చేస్తుంది. కుట్టుపని చేసేవాళ్ళలో ఈ గుణం ఎంత అరుదో ఆడవాళ్ళని అడగండి. ఆవిడ ఒకరోజు చేపల బుట్టంత బుట్టలో తెల్లటి మగ కుందేలుని పట్టుకొచ్చింది.

"డాక్టరు బాబూ, ఈడికి ఆపరేషను సెయ్యాల. ఇంట్లో ఉండనిస్తల్లేదు. జాకెట్టు ముక్కల మీద ఉచ్చ పోసేస్తన్నాడు. నిన్న పెళ్ళోరి పట్టు జాకెట్టు మీద పోసేడు. ఆలకి ఏటి సెప్పమంటారు?"

ఇంట్లో ఆడ కుందేలు కూడా ఉందట, రిబ్కా. రెండు ఈతలైపోయాయి. పిల్లల్ని చర్చిలో పంచి పంచి, ఇప్పుడు కరుణమ్మని చూస్తే జనం పక్క సందులోకి తిరిగిపోతున్నారట.

"దీని పేరేంటమ్మా?"

"సమ్సోను బాబూ. బైబిల్లో గొప్ప బలవంతుడు. జుత్తు కత్తిరించేసరికి బలం పోయింది ఆయనకి." ఒక్క క్షణం ఆగి, "ఈడికి మీరు జుత్తు కాదులెండి కత్తిరించేది" అని తనే చెంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత నవ్వు ఆపి చెప్పింది. ఆ కుందేళ్ళు తనవి కావు, చెల్లెలివి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. పోయిన ఏడాది చెల్లెలు జబ్బు చేసి పోయింది. పోయే ముందు సమ్సోనుని ఈవిడ ఒళ్ళో పెట్టి, "అక్కా, ఈణ్ణి సూసుకో" అంది. ఇప్పుడు మిషను తొక్కుతుంటే అది వచ్చి పాదాల దగ్గర పడుకుంటుంది, మిషను ఆగితే లేచి చూస్తుంది.

"సేసేరా మీరెప్పుడైనా, కుందేలుకి?" అని అడిగింది.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. నేను కోడెదూడలకి వందల్లో చేశాను. కుక్కలకి చేశాను. కుందేలుకి ఒక్కటంటే ఒక్కటి చెయ్యలేదు. నా నోరు మాత్రం, "ఎందుకు చెయ్యలేదమ్మా" అంది. అబద్ధం కాదు, ప్రశ్నకి ప్రశ్న. పెద్ద డాక్టరు గారుంటే వీపు తట్టేవారు.

శుక్రవారం

కుక్కకి మత్తిచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో వాంతి చేసుకుని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాకు తెలిసిందదే గనక కుందేలుకీ అదే చెప్పాను. "గురువారం సాయంత్రం నుంచి మేత బంద్. శుక్రవారం పొద్దున్న తీసుకురా. ఆపరేషనయ్యాక కూడా తొందరపడి పెట్టకు, శనివారం పెడుదువుగాని."

కరుణమ్మ ముఖం వెలిగింది. వాళ్ళకి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. "అయితే ఇద్దరం కలిసే ఉపాసం ఉంటాం బాబూ" అంది. నేను అంతకంటే మంచి రోజు లేదన్నాను.

ఆపరేషన్ మాత్రం బాగా చేశాను. ఆ మాట చెప్పుకోనివ్వండి, ఈ కథలో నాకు దక్కేది అదొక్కటే. మధ్యాహ్నానికి సమ్సోను కళ్ళు తెరిచింది. కరుణమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. సాయంత్రం దాకా చర్చి ఆడవాళ్ళు నలుగురు బుట్ట చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారట. నలుగురూ పస్తే, మధ్యలో కుందేలూ పస్తే. మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఏ కుందేలూ అంత భక్తిగా ఆకలితో ఉండి ఉండదు.

శనివారం తెల్లవారి కాఫీ తాగుతుంటే కరుణమ్మ వచ్చింది. చెప్పుల్లేవు. బుట్టలో సమ్సోను ముడుచుకుని కూర్చుంది. చెవులు చల్లగా ఉన్నాయి, పళ్ళు నూరుతోంది. పొట్ట మీద చెయ్యి వేస్తే బిగిసిపోయింది. బుట్టలో పరిచిన గుడ్డ మీద ఒక్క పెంటిక కూడా లేదు.

ఎక్కడో ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. అలాంటప్పుడు నాలాంటివాడి నోరు ఏం చేస్తుందో అదే చేసింది.

"నిన్న ఏం పెట్టావు దీనికి?"

"ఏటీ పెట్టలేదు బాబూ." దొంగతనం ఒప్పుకుంటున్నట్టు అంది: "రాత్రి సూడలేక ఒక్క కొత్తిమీర రెమ్మ మూతి కాడ పెట్టేను. అదీ తినలేదు."

"అదీ సంగతి. నేను పెట్టొద్దన్నానా లేదా?"

తినని కొత్తిమీర రెమ్మ మీద నేరం మోపిన డాక్టరు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆవిడ నమ్మేసింది. డాక్టరు బాబు చెప్పాడు గనక నమ్మేసింది.

ఫోన్

లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని సుజాతకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చదువుకునే రోజుల్లో రోలుగుంటలో నా దగ్గర కొన్నాళ్ళు పని నేర్చుకుంది. ఇప్పుడు వైజాగ్‌లో కుక్కలకీ పిల్లులకీ కుందేళ్ళకీ చూస్తుంది. సంగతి చెప్పాను.

"సార్, తిని ఎంతసేపైంది?"

"గురువారం సాయంత్రం నుంచి లేదు."

"సార్, కుందేలుకి వాంతి రాదు. పస్తు అక్కర్లేదు, పెట్టకూడదు. దాని పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, ఆగితే పోతుంది. టేబుల్ ఎక్కేదాకా తినాలి, దిగిన కొద్ది గంటల్లో మళ్ళీ తినాలి. పస్తు ఎవరు పెట్టమన్నారు సార్?"

"వాళ్ళే పెట్టారమ్మా. ఏదో ఉపవాస ప్రార్థనట."

"పాపం, వాళ్ళకి తెలీదు కదా సార్. మనమే చెప్పాలి."

ఆ అమ్మాయి మామూలుగానే అంది. నాకు మాత్రం రోలుగుంటలో తనకి నేను చెప్పిన పాఠాలన్నీ, 'తెలీదు' అనకూడదన్న దానితో సహా, గుర్తొచ్చాయి.

"నోటి ద్వారా యాంటీబయాటిక్ ఏమైనా ఇచ్చారా సార్? కొన్ని రకాలు వీటికి విషం."

"లేదమ్మా, ఇవ్వలేదు."

"మంచి పని చేశారు." ఇవ్వకపోవడానికి కారణం నా దగ్గర ఆ మందు అయిపోవడమని చెప్పలేదు.

పెంటికల కోసం

ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు చేశాను. మీకూ ఒకనాటికి పనికొస్తుంది గనక రాస్తున్నాను. ముందు నొప్పికి మందు. కుందేలు నొప్పి బయటికి చూపించదు, ముడుచుకుని కూర్చుంటే, పళ్ళు నూరితే నొప్పనే లెక్క. నొప్పి ఉంటే తినదు, తినకపోతే పేగు ఆగిపోతుంది. ఆ తర్వాత చర్మం కింద గోరువెచ్చటి సెలైన్. కూల్‌డ్రింకు సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, పక్కన పెట్టడం. రంపపు పొట్టు కాకుండా శుభ్రమైన నూలుగుడ్డ పరచడం, కుట్లకి అంటుకోకుండా. అన్నిటికంటే ముఖ్యం, గంటగంటకీ సూది తీసేసిన సిరంజితో మూతి పక్కనుంచి కొంచెం కొంచెంగా పచ్చిక ముద్ద పట్టడం.

పచ్చిక ముద్ద మా ఆవిడ మిక్సీలో తయారైంది. గరిక, కొత్తిమీర, నీళ్ళు. "ముప్పై మూడేళ్ళు పేడ వాసన భరించాను, ఇప్పుడు చట్నీ గిన్నెలో గడ్డి" అంటూనే మెత్తగా రుబ్బి ఇచ్చింది. గరిక కోసం నేను పంచె ఎగ్గట్టి ఎదురింటి ఖాళీ స్థలంలో కూర్చుని పీకుతుంటే, దారిన పోయే ఒకాయన, "ఏటి డాక్టరు గారూ, రిటైరయ్యేక మేతలోకి దిగిపోయేరేటి" అని అడిగి వెళ్ళాడు.

కరుణమ్మ కదల్లేదు. సమ్సోనుని ఒళ్ళో పెట్టుకుని, రెండు వేళ్ళతో పొట్ట మీద మెల్లగా రాస్తూ కూర్చుంది. మధ్యలో ఒక్కసారి అంది, "ఆ కొత్తిమీర పెట్టకుండా ఉండాల్సింది బాబూ." అప్పుడు చెప్పొచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేను సిరంజి కడగడానికి లేచి వెళ్ళిపోయాను.

సాయంత్రం టీ వేళకి గుడ్డ మీద ఒక పెంటిక పడింది. మిరియపు గింజంత. తర్వాత ఇంకోటి. నేను కళ్ళజోడు పెట్టుకుని, వాటిని అరచేతిలో వేసుకుని కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. సర్వీసులో ఎన్నో టన్నుల పేడ చూసినవాణ్ణి, ఆ రెండు గింజల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కాసేపటికి సమ్సోను లేచి, కరుణమ్మ చేతిలోని గరిక పోచ కొస కొరికింది. ఆవిడ "స్తోత్రం ప్రభువా" అని నా కాళ్ళ దగ్గర వంగబోయింది. నేను వెనక్కి జరిగాను. అదొక్కటే ఆ రోజు నేను సిగ్గుపడి చేసిన పని.

సాక్ష్యం

తర్వాతి ఆదివారం, ఎనిమిది రోజులకి, కుట్లు ఆరిపోయాక కరుణమ్మ పిలిచింది. "చర్చికి రండి బాబూ. సాక్ష్యం సెప్తాను. మీరుండాల." దేవుడు చేసిన మేలు నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం వాళ్ళలో ఆచారం. నేను ఆ చర్చి మనిషిని కాదు. అయినా ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాను. శాలువా కప్పుతారేమోనని లోపలెక్కడో ఉంది. మా ఆవిడ గుమ్మం దగ్గర, "గడ్డి కూడా పట్టుకెళ్ళండి, దాంతోనే దండ కట్టి వేస్తారేమో" అంది.

వెనక వరసలో కూర్చున్నాను. కరుణమ్మ లేచి ముందుకెళ్ళింది. డాక్టరు బాబు చేతులతో దేవుడు సమ్సోనుని బతికించాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు, కొందరు తిరిగి నన్ను చూశారు. నేను తల కొంచెం వంచాను. ఆవిడ అక్కడితో ఆపలేదు.

"తప్పు నాదే. బాబు ఏటీ పెట్టొద్దన్నారు. నేను మాట ఇనకుండా కొత్తిమీర పెట్టేను. మా సెల్లి ఆణ్ణి నా ఒళ్ళో ఎట్టి పోయింది. నా సేతుల్తో నేనే సంపేసుకుందును. దేవుడు నన్ను చెమించాలని ప్రార్థన సెయ్యండి."

నేనెప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలీదు. పాస్టరుగారు నన్ను చూసి, ఒక కొత్త ఆత్మ దొరికిందనుకున్నారు కాబోలు, రెండు చేతులూ చాపి, "రండి డాక్టరు గారూ, ముందుకి రండి" అన్నారు. ఆడవాళ్ళు స్తోత్రం స్తోత్రం అంటున్నారు. ఆ సంతోషం మధ్యనుంచి నడిచి వెళ్ళడం, బెదిరిన దున్న ముందు నడవడం కంటే కష్టం.

"నేను మతం కోసం లేవలేదండీ" అన్నాను. "కొత్తిమీర వల్ల ఏం కాలేదు. కుందేలుని పస్తు ఉంచకూడదు. ఉంచమన్నది నేను. నాకు తెలీదు. కుందేలుకి నేనెప్పుడూ ఆపరేషన్ చెయ్యలేదు. తెలీదని ఆవిడకి చెప్పకుండా, తప్పు ఆవిడ మీదకి నెట్టాను."

ముందు వరసలో ఒక పెద్దాయన, అలవాటు కొద్దీ కాబోలు, "ఆమెన్" అన్నాడు.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే కరుణమ్మ దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎనిమిది దినాలు బాబూ" అంది. "ఎనిమిది దినాల్నించీ మా సెల్లికి ఏటి సెప్పాలా అని కుములుతన్నాను." అంతే అని వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. సుజాతకి ఫోన్ చేసి, పస్తు పెట్టమన్నది నేనేనని చెప్పాను. "నాకు తెలుసు సార్" అంది.

రిబ్కా

నెల రోజుల దాకా కరుణమ్మ మా గుమ్మం తొక్కలేదు. మా ఆవిడ జాకెట్లు మాత్రం తారీఖు ప్రకారమే వచ్చాయి. రిబ్కాని, సమ్సోనుని విడివిడిగా ఉంచమని మా ఆవిడ చేత కబురు పంపాను. మగ కుందేలుకి ఆపరేషనయ్యాక కూడా నెల, నెలన్నర దాకా దాని వల్ల పిల్లలు పుట్టే వీలుంటుంది. ఇది కూడా సుజాత చెప్పిందే.

ఒకరోజు పొద్దున్నే బుట్టతో వచ్చింది. ఈసారి బుట్టలో రిబ్కా.

"దీనికీ సేయించీమని సుజాతమ్మ సెప్పిందంట కదా, మీ ఆవిడ సెప్పేరు. ఆడదాన్ని అలా వదిలీకూడదంట, కడుపులో గెడ్డలొస్తాయంట. మీరు సేస్తారా?"

గది గోడ మీద నా పట్టా ఉంది, నా సన్మాన పత్రం ఉంది. పెద్ద డాక్టరు గారు ఫొటోలో నా పక్కనే నిలబడి ఉన్నారు.

"నాకు రాదమ్మా" అన్నాను.

కరుణమ్మ బుట్ట కింద పెట్టి నన్ను చూసింది. "రాదా?"

"రాదు. ఆడ కుందేలు పొట్ట కోసి చెయ్యాలి. నేను చేస్తే బతుకుతుందని చెప్పలేను. వైజాగ్‌లో సుజాతకి వచ్చు."

నెల రోజుల తర్వాత ఆవిడ మొదటిసారి నవ్వింది. "అయితే మీరూ రండి బాబూ. రాకపోయినా సూసి నేర్సుకుందురుగాని."

శుక్రవారం ఇద్దరం వైజాగ్ బస్సెక్కాం. బుట్ట నా ఒళ్ళో పెట్టింది, పక్కన గరిక కట్ట. ఉపవాస ప్రార్థన రోజు గనక తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేనూ మా ఆవిడకి చెప్పకుండా టిఫిను మానేసి వచ్చాను. రిబ్కా మాత్రం అనకాపల్లి దాటాక కూడా నా చేతిలోంచి గడ్డి నములుతూనే ఉంది.